తెర వెనుక రూపశిల్పులు

నటుడు పాత్రగా మారడానికి మాటలు, అభినయం మాత్రమే చాలవు. ముఖవర్ణం, కేశాలంకరణ, దుస్తులు, ఆభరణాలు కూడా కావాలి. భరతముని నాట్యశాస్త్రంలో అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగు విధాలుగా విభజించాడు. వేషధారణకు సంబంధించినదంతా ఆహార్యం. దానిలో అంగరచన ఒక భాగం. పాత్ర స్వభావానికి, దేశానికి, వయస్సుకు తగినట్లుగా నటుని దేహానికి వర్ణం వేయడమే అంగరచన. తెలుపు, నీలం, పసుపు, ఎరుపు అనే నాలుగు మూలవర్ణాల నుండి మిగిలిన వర్ణాలను ఎట్లా కలపవలెనో కూడా ఆ గ్రంథం వివరించింది. అంతకంటె గమనింపదగిన విషయం మరొకటి ఉన్నది. నాటక బృందంలో ఎవరెవరు ఉండాలో చెప్పేటప్పుడు భరతుడు నటీనటులతో పాటు కిరీటాలు చేసేవానిని, మాలలు కట్టేవానిని, వేషకారుని, చిత్రకారుని, చివరకు బట్టలు ఉతికే రజకుని కూడా పేర్కొన్నాడు. వేషం కట్టించేవాడు ఆ నాడు బృందానికి బయటివాడు కాడు. నేడు చలనచిత్రాలలో, టెలివిజన్ ధారావాహికలలో ఆ పని చేసేవారిలో ఎక్కువమంది ఏ సంస్థకూ శాశ్వతంగా చెందినవారు కారు. పని ఉన్న రోజున పిలుపు వస్తుంది. లేని రోజున రాదు. ఈ మార్పు ఎట్లా వచ్చింది, దానివలన కలిగిన ఇబ్బందులకు పరిష్కారాలు ఏవి అన్నది తెలుసుకొనదగిన విషయం.

ఉమ్మడి మెదక్, నిజామాబాద్, కరీంనగర్ జిల్లాల పల్లెల్లో చిందు భాగోతం ఆడే కళాకారులు తరతరాలుగా తమ వేషం తామే వేసుకొన్నారు. ఆట రాత్రి మొదలవుతుందనగా సాయంత్రం నుండే దీపం ముందు అద్దం పెట్టుకొని రంగులు నూరేవారు. పసుపు వన్నెకు అర్దళం, ఎరుపునకు ఇంగిలీకం, తెలుపునకు సఫేదా, కనుబొమలకు కాటుక. తేలికైన పొణికి చెక్కతో చేసిన కిరీటాలు, భుజకీర్తులు తరువాత ధరించేవారు. నిజామాబాద్ జిల్లాకు చెందిన ప్రసిద్ధ కళాకారిణి చిందు ఎల్లమ్మ స్త్రీ పాత్రలనే కాక పురుష పాత్రలను కూడా ధరించి మెప్పించినది. ఆమె 2005లో కన్నుమూసినది. చిందు మేళంలో రంగు పూయడం ఒకరి ఉద్యోగం కాదు, అందరికీ వచ్చిన విద్య. పెద్దలు పూస్తుండగా చూచి పిల్లలు నేర్చుకొనేవారు. అయితే ఈ విద్యకు చెల్లించిన మూల్యం కూడా ఉన్నది. అర్దళం ఆర్సెనిక్ కలిసిన ఖనిజం. ఇంగిలీకం పాదరసం కలిసినది. రాత్రంతా వాటిని ముఖాన ధరించి, చెమటలో తడిసి, తెల్లవారిన తరువాత నూనెతో తుడుచుకొనేవారికి వాటి ప్రమాదాన్ని గూర్చి హెచ్చరించిన వైద్యుడు ఆ పల్లెల్లో ఎక్కడ ఉన్నాడు? అంగరచన చేసేవారి ఆరోగ్యం ఎవరి బాధ్యత అన్న ప్రశ్న సినిమాతో పుట్టినది కాదు, అంతకు ముందునుండి ఉన్నదే.

కడప ప్రాంతంలోని సురభి గ్రామంలో 1885లో మొదలైన సురభి నాటక సమాజం కూడా ఇట్టిదే. తెర లాగేవారు, వేషం వేసేవారు, వంట చేసేవారు అందరూ ఒకే కుటుంబం. స్త్రీ పాత్రలకు పేరుపొందిన స్థానం నరసింహారావు చీర కట్టుకొనే తీరునూ, ముఖాలంకరణనూ స్వయంగా సాధన చేసి ఒక కళగా తీర్చిదిద్దుకొన్నారు. ఆయనకు 1956లో పద్మశ్రీ లభించింది.

చలనచిత్రం వచ్చిన తరువాత ఈ పద్ధతి సాగలేదు. కారణం కెమెరా. తొలినాళ్ళ ఫిల్మ్ ఎరుపు రంగును గ్రహించలేకపోయేది. ఎర్రని పెదవులు తెరపై నల్లగా కనిపించేవి, ముఖంమీది ఎరుపు జీర మచ్చలుగా తేలేది. అందువలన నటుల ముఖాలకు పసుపు, ఆకుపచ్చ ఛాయలున్న రంగులు పూయవలసి వచ్చేది. తరువాత అన్ని వర్ణాలనూ గ్రహించే ఫిల్మ్ వచ్చింది, ఆపైన రంగుల చిత్రాలు వచ్చాయి. 1930ల చివరిలో హాలీవుడ్‌లో మాక్స్ ఫ్యాక్టర్ సంస్థ రంగుల చిత్రాలకోసం తయారుచేసిన ‘పాన్‌కేక్’ అనే లేపనం మద్రాసు స్టూడియోలకు కూడా చేరినది. ఫిల్మ్ మారినప్పుడల్లా, దీపాలు మారినప్పుడల్లా రంగు మారవలెను. ఆ శాస్త్రం తెలిసినవాడు ప్రత్యేకంగా ఒకడు ఉండక తప్పలేదు. ఆ విధంగా ముఖాలంకరణ నటుని చేతి నుండి జారి ఒక వృత్తి అయినది.

ఆ వృత్తి తొలి రూపాన్ని గూర్చి చక్కని సాక్ష్యం సికింద్రాబాదులో పుట్టి పెరిగిన తమిళ రచయిత అశోకమిత్రన్ రచనలలో లభిస్తుంది. ఆయన 1952 నుండి 1966 వరకు మద్రాసులోని జెమినీ స్టూడియోలో పనిచేశారు. ఆ స్టూడియో మేకప్ విభాగంలో బెంగాలీలు, మరాఠీలు, కన్నడిగులు, తమిళులతో పాటు ఒక ఆంధ్రుడు కూడా ఉండేవాడని ఆయన రాశారు. అక్కడ వరుస క్రమం కచ్చితంగా ఉండేది. ప్రధాన నటీనటులకు విభాగాధిపతి, రెండవ శ్రేణి నటులకు పెద్ద సహాయకుడు, హాస్యనటునికి చిన్న సహాయకుడు రంగు పూసేవారు. జనసమూహంలో నిలబడేవారికి మాత్రం ఆఫీసు బాయ్ బకెట్టులో రంగు కలిపి పూసేవాడు. ఈ వర్ణన నవ్వు పుట్టించేటట్లు ఉన్నా దానిలో ఒక విషయం దాగి ఉన్నది. ఆ ఆఫీసు బాయ్‌తో సహా అందరూ నెలజీతగాళ్ళే. తెలుగువారి విజయా సంస్థ కూడా సాంకేతిక నిపుణులకూ, నటులకూ నెలజీతాలు ఇచ్చిన సంస్థయే. చిత్రం ఆడినా ఆడకపోయినా ఒకటో తేదీ వచ్చేది.

ఆనాటి మేకప్ గదుల నుండి పైకి ఎదిగినవారు లేకపోలేదు. ఎన్.టి. రామారావు, ఎం.జి. రామచంద్రన్‌లకు మేకప్ చేసిన పీతాంబరం తరువాత నిర్మాత అయ్యారు. ఆయన కుమారుడు పి. వాసు దర్శకుడుగా ప్రసిద్ధులు. మేకప్‌మన్‌గా జీవితం ప్రారంభించిన జయకృష్ణ 1978లో ‘మన ఊరి పాండవులు’ చిత్రాన్ని నిర్మించారు. విజయశాంతికి మేకప్‌మన్‌గా ఉన్న ఎ.ఎం. రత్నం 1990లో ‘కర్తవ్యం’ నిర్మించి దక్షిణాదిన పెద్ద నిర్మాతలలో ఒకరయ్యారు. ఇటువంటి ఉదాహరణలు చెప్పుకొనడానికి సొంపుగా ఉంటాయి. కాని వేళ్ళమీద లెక్కింపదగినవారి కథ వందలమంది కథ కాజాలదు.

స్టూడియోల వైభవం తగ్గడంతో నెలజీతాల పద్ధతి అంతరించినది. నిర్మాత ఒక చిత్రానికి మాత్రమే మనుషులను కుదుర్చుకొనడం మొదలయింది. తెలుగు చిత్రపరిశ్రమ క్రమంగా మద్రాసు నుండి హైదరాబాదుకు తరలివచ్చింది. 1995లో ఈటీవీ, జెమినీ వంటి ఉపగ్రహ ఛానెళ్ళు రావడంతో రోజువారీ ధారావాహికలు పెరిగాయి. పని పెరిగినది. స్థిరత్వం మాత్రం పెరగలేదు. ధారావాహిక ఆగిపోతే, రేపటినుండి రానక్కరలేదన్న ఒక్క ఫోనుతో పని ముగుస్తుంది.

ఈ వృత్తిలోని దినచర్య బయటివారికి అంతగా తెలియదు. ఉదయం ఏడు గంటలకు కెమెరా తిరగవలెనంటే నటి ఐదింటికి కుర్చీలో కూర్చొనవలెను. ఆమె కూర్చొనేసరికి మేకప్‌మన్, హెయిర్ డ్రెస్సర్ పెట్టెలు విప్పి సిద్ధంగా ఉండాలి. అంటే వారు ఇంటినుండి బయలుదేరేది మూడున్నరకో, నాలుగింటికో. చిత్రీకరణ సాగినంతసేపు చెమట తుడుస్తూ, చెదిరిన ముంగురులు సరిచేస్తూ దీపాల వేడిలో నిలుచుండవలసినదే. ప్యాకప్ అయిన తరువాత రంగు తీసి, బ్రష్షులు శుభ్రం చేసి, విగ్గులు దువ్వి పెట్టెలో పెట్టి చివరగా వెళ్ళేదీ వారే. అందరికంటె ముందు రావడం, అందరికంటె వెనుక పోవడం ఈ వృత్తి లక్షణం. అయినా రోజు వేతనాన్ని చాలాచోట్ల కెమెరా తిరిగిన వేళలతోనే కొలుస్తారు.

పనిలోని సూక్ష్మత కూడా తక్కువది కాదు. చలనచిత్ర దృశ్యాలను కథాక్రమంలో చిత్రీకరించరు. నాయకుడు ఇంటి గుమ్మంలో అడుగుపెట్టే దృశ్యం ఈ నెలలో తీస్తే, గుమ్మం దాటి లోపలికి వచ్చే దృశ్యం రెండు నెలల తరువాత తీయవచ్చు. తెరమీద ఆ రెండింటి మధ్య ఒక్క క్షణమే. ఆనాడు నుదుట ఉన్న గాయం ఎంత పొడవు, గడ్డం ఎన్నాళ్ళది, జడలో సవరం ఎక్కడ ముడివేశారు, బొట్టు పరిమాణమెంత అన్నవన్నీ అదే విధంగా ఉండవలెను. దీనినే కంటిన్యుటీ అంటారు. ఫొటోలు తీసి, పుస్తకంలో రాసుకొని దానిని కాపాడేది వీరే. పొరపాటు జరిగితే ప్రేక్షకుడు నవ్వుతాడు. జరగకపోతే ఆ శ్రమ ఎవరి కంటా పడదు. ముసలితనం, కాలిన గాయాలు, విచిత్రాకారాలు చూపడానికి నేడు సిలికాన్, లేటెక్స్‌లతో కృత్రిమ చర్మాన్ని తయారుచేస్తున్నారు. ఇంతకూ ఈ కళకు ప్రభుత్వ గుర్తింపు ఆలస్యంగా వచ్చింది. జాతీయ చలనచిత్ర పురస్కారాలలో ఉత్తమ రూపశిల్పికి ప్రత్యేక పురస్కారం 2006వ సంవత్సరపు చిత్రాలతో గాని ప్రారంభం కాలేదు. తెలుగు చిత్రం ‘అ!’కు 2018 సంవత్సరానికి రంజిత్ ఆ పురస్కారం అందుకొన్నారు.

రంగులపెట్టె కళాకారుని సొంతం. లేపనాలు, బ్రష్షులు, విగ్గులు, జుట్టును ఉంగరాలు తిప్పే పరికరాలు అన్నీ తానే కొనుక్కొనవలెను. వాటికి గడువు తేదీలు ఉంటాయి, తెరిచిన లేపనం ఎంతోకాలం నిలువదు. ఒకరికి వాడిన బ్రష్షు శుభ్రం చేయక మరొకరికి వాడరాదు. నాసిరకం రంగు వాడితే నటుని ముఖంమీద దద్దురు లేస్తుంది, కళాకారునికి పేరు పోతుంది. ఇట్లా పెట్టుబడి తనది, వేతనం ఎప్పుడు వస్తుందో నిర్మాత ఇష్టం. చిత్రం విడుదలైన తరువాత ఇస్తామనే మాట ఈ రంగంలో కొత్తది కాదు. విడుదల కాని చిత్రాలు ఎన్నో ఉంటాయి కనుక ఆ మాటకు విలువ ఎంతో ఊహించుకొనవచ్చు. రాతపూర్వకమైన ఒప్పందం లేనివాడు ఎవరిని అడగగలడు, ఏ ఆధారంతో అడగగలడు?

ఈ నిస్సహాయతలోనుండే సంఘాలు పుట్టాయి. తెలుగు పరిశ్రమలో వివిధ శాఖల సంఘాలు ఒక సమాఖ్యగా ఏర్పడి వేతనాలను నిర్ణయించే చర్చలు సాగిస్తున్నాయి. 2025 ఆగస్టులో 30 శాతం పెంపుదల కోరుతూ కార్మికులు 18 రోజులపాటు చిత్రీకరణలు నిలిపివేశారు. చివరకు రోజుకు 2000 రూపాయలకు లోపు వేతనం ఉన్నవారికి మూడేళ్ళలో విడతలుగా 22.5 శాతం పెంచడానికి ఒప్పందం కుదిరినది. ఒక్కొక్కడుగా అడిగి ఉంటే ఈ పెంపుదల ఎవరికీ దక్కేది కాదు. కార్మికులకు గూడు కల్పించవలెనని నటుడు డాక్టర్ ఎం. ప్రభాకరరెడ్డి చేసిన కృషికి గుర్తుగా హైదరాబాదులోని మణికొండలో చిత్రపురి కాలనీ ఆయన పేరుతో నిలిచి ఉన్నది.

అయితే నీడనిచ్చే చెట్టే దారికి అడ్డం కావచ్చు. సంఘం గుర్తింపు కార్డు లేనివారిని చిత్రీకరణకు రానీయకపోవడం సభ్యులకు రక్ష, కొత్తవారికి కంచె. ఈ విషయం దేశ సర్వోన్నత న్యాయస్థానం దాకా వెళ్ళింది. కాలిఫోర్నియాలో శిక్షణ పొందిన చారు ఖురానా అనే రూపశిల్పి ముంబైలోని సంఘంలో మేకప్ ఆర్టిస్టుగా సభ్యత్వం కోరినది. ఆ సంఘం నియమాల ప్రకారం స్త్రీలు కేశాలంకరణకు మాత్రమే అర్హులు. ముఖానికి రంగు పూయడం పురుషుల హక్కు. స్త్రీలను రానిస్తే పురుషుల జీవనోపాధి పోతుందన్నది సంఘం వాదన. అంతేకాదు, మహారాష్ట్రలో ఐదేళ్ళ నివాసం ఉండాలన్న నియమం కూడా ఉన్నది. 2014 నవంబరు 10న న్యాయమూర్తులు దీపక్ మిశ్రా, యు.యు. లలిత్‌ల ధర్మాసనం ఈ రెండు నియమాలనూ కొట్టివేసింది. 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం పదిహేనేళ్ళు నిండిన ఎవరికైనా సంఘ సభ్యత్వానికి అవకాశం ఇస్తుండగా, చట్టం క్రింద నమోదైన సంఘం స్త్రీ పురుష భేదం పాటించరాదని తీర్పు చెప్పింది. స్త్రీ జుట్టు దువ్వవచ్చునట, బుగ్గకు రంగు పూయరాదట! నాలుగంగుళాల దూరంలో ఉన్న ఈ సరిహద్దును చెరపడానికి స్వతంత్ర భారతంలో అరవై ఏడేళ్ళు పట్టినది.

మెదక్ వంటి పట్టణంలో ఈ తీర్పు అర్థం ఏమిటి? ఇక్కడ పెళ్ళిళ్ళ రోజులలో వధువులను అలంకరించే యువతులున్నారు. ఐ.టి.ఐ.లలో కాస్మటాలజీ కోర్సు ఒక ఏడాదిది. కొందరు దానిని చదివి, కొందరు పార్లర్లలో పనిచేస్తూ నేర్చుకొంటారు. హైదరాబాదు సుమారు వంద కిలోమీటర్లు. 2022 సెప్టెంబరులో అక్కన్నపేట నుండి మెదక్‌కు రైలుమార్గం ప్రారంభమైనది కాని తెల్లవారుజామున ఐదింటికి స్టూడియోలో ఉండవలసినవారికి రైలు సమయాలు అక్కరకు రావు. నగరంలో గది అద్దెకు తీసుకొనక తప్పదు. ఆ గదికి అద్దె ప్రతినెలా కట్టాలి, పని మాత్రం ప్రతినెలా దొరకదు. రంగులపెట్టె కొనడానికి అప్పు, సంఘం ప్రవేశ రుసుముకు అప్పు. పెళ్ళికూతురి ముఖం ఎదుటివారి కంటికోసం, నటి ముఖం కెమెరా కంటికోసం అలంకరించబడుతుంది. ఈ తేడా ఏ పార్లరులోనూ నేర్పరు. అనుభవజ్ఞుని వద్ద సహాయకురాలిగా కొంతకాలం ఉండి నేర్చుకొనవలసినదే. ఆ కాలంలో చేతికి వచ్చేది బహు స్వల్పం. ప్రతిభ గల పల్లెటూరి యువతులు చాలామంది వెనుదిరిగేది ఈ మెట్టు దగ్గరనే. సభ్యత్వంలో స్త్రీ పురుష భేదం తొలగినంతనే ఈ మెట్టు తొలగదు. సహాయకుల శిక్షణకాలానికి భృతి, దూరప్రాంతాలవారికి వసతి, రుసుమును వాయిదాలలో చెల్లించే వీలు వంటివి సంఘాలూ, ప్రభుత్వమూ కలిసి ఆలోచింపవలసినవి.

పనిచోట భద్రత మరొక సమస్య. కేరళ ప్రభుత్వం 2017లో నియమించిన జస్టిస్ హేమ కమిటీ నివేదిక 2024 ఆగస్టులో వెలువడినప్పుడు హెయిర్ స్టైలిస్టులు, జూనియర్ ఆర్టిస్టులు వంటి చిన్న ఉద్యోగినుల కష్టాలు కూడా వెలుగులోకి వచ్చాయి. చిత్రీకరణ స్థలాలలో మరుగుదొడ్డి, దుస్తులు మార్చుకొనే గది లేకపోవడం వాటిలో ఒకటి. నటికి వ్యానిటీ వ్యాన్ ఉంటుంది. ఆమె జడ అల్లే స్త్రీకి చెట్టు చాటే గతి. 2013 నాటి చట్టం ప్రకారం పదిమంది లేక అంతకంటె ఎక్కువమంది పనిచేసే ప్రతిచోటా లైంగిక వేధింపులపై ఫిర్యాదులు స్వీకరించే అంతర్గత కమిటీ ఉండాలి. సినిమా చిత్రీకరణలో పదిమందికి తక్కువ ఎన్నడూ ఉండరు. కనుక ఈ నియమం ఏ నిర్మాతకూ వర్తించదని చెప్పడానికి వీలులేదు.

చట్టాల విషయానికి వస్తే, 1981లోనే పార్లమెంటు సినీ కార్మికుల కోసం చట్టం చేసింది. రాతపూర్వకమైన ఒప్పందం లేకుండా సినీ కార్మికుని నియమించరాదని, ఆ ఒప్పందాన్ని అధికారి వద్ద నమోదు చేయవలెనని అది ఆదేశించింది. కాని అది కథాచిత్రాలకే పరిమితం. టెలివిజన్ ధారావాహికల కార్మికులు దాని పరిధిలోనికి రాలేదు. 2020లో పార్లమెంటు ఆమోదించిన కార్మిక స్మృతులు 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చాయి. వృత్తి భద్రత, ఆరోగ్యాలకు సంబంధించిన స్మృతి ‘దృశ్య శ్రవణ కార్మికుడు’ అనే విస్తృతమైన పదాన్ని తీసుకొనివచ్చినది. చలనచిత్రాలే కాక టెలివిజన్ కార్యక్రమాలు, వెబ్ సిరీస్‌లు, రియాలిటీ షోలు కూడా ఇప్పుడు దీనిలో చేరాయి. ప్రభుత్వం నిర్ణయించే వేతన పరిమితికి లోబడి, ఆ పనులలో ఉన్న రూపశిల్పికి కూడా లిఖిత ఒప్పందం హక్కు అయినది. అయితే నలభై ఏళ్ళకు పైగా అమలులో ఉన్న పాత చట్టం క్రింద ఎందరు మేకప్‌మన్‌లు ఒప్పంద పత్రం కళ్ళజూశారని అడిగితే వచ్చే సమాధానం ఆశాజనకంగా ఉండదు. కాగితం అడిగితే మరొకరిని పిలుస్తారేమోనన్న భయమే దీనికి మూలం. అందువలన ఒప్పందం అడిగే బాధ్యత వ్యక్తిపై గాక సంఘంపై ఉండడం సమంజసం.

పని లేని రోజుల మాట 2020లో కరోనా వ్యాధి వచ్చినప్పుడు అందరికీ తెలిసినది. మార్చి నుండి చిత్రీకరణలు పూర్తిగా ఆగిపోయాయి. రోజు వేతనంపై బ్రతికే సినీ కార్మికులకు నిత్యావసర వస్తువులు అందించడానికి నటుడు చిరంజీవి ముందుండి కరోనా క్రైసిస్ ఛారిటీ అనే సంస్థను ఏర్పాటుచేశారు. తోటి నటులు, నిర్మాతలు విరాళాలిచ్చారు. ఆ బియ్యం, పప్పు ఎన్నో ఇళ్ళలో పొయ్యి వెలిగించినవి. అయినా అది దయాధర్మమే గాని హక్కు కాదు.

హక్కుగా లభించేవి కొన్ని ఉన్నాయి, వాటిని వినియోగించుకొనేవారు తక్కువ. 2021 ఆగస్టులో కేంద్రప్రభుత్వం అసంఘటిత కార్మికుల నమోదు కోసం ఈ-శ్రమ్ అనే ఏర్పాటు చేసింది. పదహారు నుండి యాభై తొమ్మిది ఏళ్ళ మధ్య వయస్సు గలవారు ఆధార్ సంఖ్యతో పేరు నమోదు చేసుకొనవచ్చు. 2019లో ప్రారంభమైన ప్రధానమంత్రి శ్రమయోగి మాన్‌ధన్ పథకంలో నెలకు 15,000 రూపాయలకు మించని ఆదాయం ఉండి, పద్దెనిమిది నుండి నలభై ఏళ్ళ వయస్సులో ఉన్నవారు చేరవచ్చు. పద్దెనిమిదేళ్ళ వయస్సులో చేరినవారు నెలకు 55 రూపాయలు చెల్లిస్తే ప్రభుత్వం అంతే మొత్తాన్ని జమచేస్తుంది. అరవై ఏళ్ళు నిండిన తరువాత నెలకు 3,000 రూపాయల పింఛను వస్తుంది. చేరే వయస్సు పెరిగినకొద్దీ నెలసరి చెల్లింపు కూడా పెరుగుతుంది. మెదక్‌లో బ్రష్షు పట్టడం నేర్చుకొంటున్న పద్దెనిమిదేళ్ళ యువతి హైదరాబాదుకు బస్సెక్కక ముందే, తన ఊరిలోని కామన్ సర్వీస్ సెంటరులో ఈ రెండు నమోదులనూ పూర్తిచేసుకొనవచ్చు. దానికి ఆధార్ కార్డు, బ్యాంకు ఖాతా పుస్తకం, ఒక పూట సమయం చాలును.